మే నెల తాడు

జూన్ 4

మామయ్యా,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి, రేపటికి వాయిదా వేసే వీలు లేదు. చిన్న కోర్టుల్లో గుమాస్తాలను పెంచే బిల్లు సభలో పెట్టారు. దాన్ని చూస్తున్న కమిటీకి ప్రతి చిన్న కోర్టు నుంచీ మే నెల పని లెక్క ఈ నెల పద్దెనిమిదికల్లా అందాలి. ఆ లెక్కలను పట్టికలో ఎక్కించే పని మా పెద్ద కోర్టులో మా సెక్షనుకి అప్పగించారు. అందులో మీ కోర్టు కాగితం నా బల్ల మీదికే వచ్చింది.

ఇది నీకు చదివి వినిపిస్తున్న టైపిస్టు గారికి నమస్కారం. దయచేసి మధ్యలో ఏదీ మింగకుండా చదవండి.

నేను బాగున్నాను. నా గది కింద ఇస్త్రీ షాపు ఉందని చెప్పాను కదా, పొద్దున్నే ఆ వేడి నేలలోంచి పైకి వస్తుంది. చలికాలంలో బాగుంటుందని ఇంటావిడ అంటుంది. చలికాలం వచ్చేలోపు నేనే ఇస్త్రీ అయిపోయేలా ఉన్నాను. కిటికీ రెక్క ఒకటి గడియ ఊడిపోయి గాలికి టపటపా కొట్టుకుంటోంది.

ఇక విషయం. మీ కోర్టు పంపిన పట్టికలో ఐదు, ఆరు, ఏడు గడులు ఖాళీగా ఉన్నాయి. ఐదో గడిలో నెల మొత్తంలో ఎన్ని కేసుల కట్టలు అడిగారో రాయాలి. ఆరో గడిలో గంటకు మించి వెతకాల్సి వచ్చినవి. ఏడో గడిలో ఆ రోజు దొరకనివి, అంటే కట్ట దొరక్క వచ్చినవాళ్లను తిప్పి పంపినవి. ఏడో గడే అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ ఎనిమిదికి తగ్గకుండా ఉంటే ఆ కోర్టుకి ఒక కొత్త గుమాస్తా పోస్టు వస్తుంది. తగ్గితే రాదు.

ఐదో గడి మీ హెడ్ క్లర్కు గారు రిజిస్టరు చూసి నింపగలరు. ఆరూ ఏడూ నువ్వు తప్ప ఎవరూ చెప్పలేరు. కాగితాల్లో నువ్వు అటెండరువి, నీళ్లు పెట్టడం, గంట కొట్టడం నీ పని. ఇరవై తొమ్మిదేళ్లుగా రికార్డు రూము మోస్తున్నది నువ్వని ఆ కోర్టులో బల్లలకి కూడా తెలుసు, ఒక్క కాగితానికే తెలియదు. ఏ అరలో ఏ రంగు తాడు, ఏ ఏడాదికి ఎన్ని ముళ్లు, అంతా నీ వేళ్లలో ఉంది.

ఈ బిల్లు వస్తే నాలాంటి తాత్కాలికపు వాళ్లను పర్మినెంటు చేస్తారు. కొత్త పోస్టులకి మాత్రం పదో తరగతి పాసై ఉండాలి. ఇవన్నీ నీకు చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు.

లెక్క ఉన్నది ఉన్నట్టు పంపు. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ అమ్మడు


జూన్ 13

మహారాజశ్రీ గౌరవనీయులైన మేనకోడలు గారి సముఖమునకు, చిన్న కోర్టు అటెండరు మిక్కిలి వినయముతో చేసుకొను మనవి ఏమనగా:

ఒకటి. అర్జీదారుడు క్షేమము. అర్జీదారుని భార్య క్షేమము. ఆమె మోకాళ్లు మాత్రము క్షేమము కావు.

రెండు. తమరు 4వ తేదీన వ్రాసిన ఉత్తరము అందినది. అర్జీదారునికి ఒక్క అక్షరమూ విడువక రెండు పర్యాయములు చదివి వినిపించడమైనది.

మూడు. ఈ కోర్టు రికార్డు రూము నందు కట్టలన్నియు సక్రమముగా ఉన్నవి. అడిగిన ప్రతి కట్టయు అడిగిన దినమునే దొరుకుచున్నది. ఏ కక్షిదారునీ తిప్పి పంపిన దాఖలా లేదు. ఆరవ గడి సున్న. ఏడవ గడి సున్న. ఉన్న సిబ్బంది చాలును.

నాలుగు. పదవ తరగతి విషయము అర్జీదారుడు విని ఊరకుండెను. అర్జీదారుని భార్య ఊరకుండలేదు.

ఐదు. తమ కిటికీ విషయము విచారకరము.

కావున తమరు దయయుంచి వేళకు భోజనము చేయవలసినదిగాను, ఎండలో గొడుగు లేక తిరుగరాదనియు ప్రార్థన.

ఇట్లు,
అటెండరు వేలిముద్ర

జతపరచినవి: తాడు, ఒకటి.


జూన్ 27

మామయ్యా,

నీ అర్జీ అందింది. ఇంత మర్యాద నాకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఇవ్వలేదు. సెక్షనులో అందరికీ చదివి వినిపించాను. అత్తయ్య మోకాళ్ల దగ్గర మా సూపరింటెండెంటు మేడం కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. ఈమె నవ్వగా చూడటం ఇదే మొదటిసారి.

కానీ సున్నాలు చూసి నవ్వడం ఆపేసింది.

"ముప్ఫై ఏళ్ల కాగితాలున్న గదిలో ఒక్క కట్టా దొరక్కుండా పోలేదా? ఆ కోర్టు ఎక్కడుందో చెప్పమ్మా, సెలవు పెట్టి వెళ్లి చూసొస్తాను" అంది.

"మా మామయ్య అక్కడ పని చేస్తారండీ. ఆయన అలాంటి మనిషే" అన్నాను.

నాకు రోషం వచ్చింది, నిజమే. ఆ రోషంలోనే రెండు గడుల్లోనూ సున్నాలు ఎక్కించాను. పట్టిక పద్దెనిమిదిన వెళ్లిపోయింది. నిన్న పోస్టుల ముసాయిదా జాబితా వచ్చింది. పద్నాలుగు కోర్టుల్లో తొమ్మిదింటికి కొత్త గుమాస్తాలు. మీ కోర్టు పేరు లేదు. మొదట గర్వపడ్డాను. తరవాత మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టుకుని ఆలోచిస్తే అంత గర్వంగా అనిపించలేదు. డిసెంబరులో నువ్వు రిటైరయ్యాక ఆ అరల్లో ఎవరు చెయ్యి పెడతారు? నేను అడిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పమని. నువ్వు నాకు కోర్టు పరువు రాసి పంపావేమో అని అనుమానం. పెద్దవాడివి, గట్టిగా అడగలేకపోతున్నాను. నా మీద కూడా నమ్మకం లేకపోతే ఇంకెవరి మీద ఉంటుంది నీకు?

పోనీలే. నా తాత్కాలికపు ఉద్యోగం పర్మినెంటు జాబితాలో ఉందని మేడం చెప్పింది. కొత్త చొక్కాగుడ్డ పంపుతాను, నీ పాతవన్నీ మోచేతుల దగ్గర అయిపోయి ఉంటాయి.

నీ ఉత్తరం చుట్ట చుట్టి కట్టిన తాడు భలే గట్టిది. జతపరచినవాటిలో దాన్ని కూడా చేర్చినందుకు టైపిస్టు గారి శ్రద్ధని మెచ్చుకోవాలి. దానితో కిటికీ రెక్కని ఊచకి కట్టేశాను. ఇప్పుడు చప్పుడు లేదు, హాయిగా ఉంది.

నీ అమ్మడు


జూలై 5

అమ్మడూ,

ఈసారి టైపిస్టుకి గట్టిగా చెప్పాను. అర్జీ భాష పక్కన పెట్టి నేను ఎలా అంటే అలా కొట్టవయ్యా, లేకపోతే కోర్టు ముందు పక్క గొడుగు కింద టైపు కొట్టే వాడి దగ్గరికి పోతాను అన్నాను. మూతి ముడుచుకున్నాడు గానీ కొడుతున్నాడు. (ముడుచుకోలేదు. టైపిస్టు.)

కిటికీకి కట్టావా?

నిన్న ఆ మాట చదివితే మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివాడు. ఇంటికి నడిచి వెళ్లాను, దారిలో ఎవరు పలకరించారో తెలియదు.

నువ్వు బడికి వెళ్లిన మొదటి ఏడాది గుర్తుందా? వెళ్లిన రోజుకి ఒక ముడి. ఎగ్గొట్టిన రోజుకి ముడి లేదు. నెలాఖరుకి తాడు నీ చేతికిచ్చి లెక్కపెట్టమనేవాణ్ని. పలక మీద అంకెలు రాకముందే ఇరవై రెండు దాకా ఆ తాడు మీద నేర్చుకున్నావు. ఆ పిల్లకి తాడు పంపితే కిటికీకి కట్టింది.

అది మే నెల తాడు. ప్రతి నెలా ఒకటి కట్టుకుంటాను, నా కోసమే, రికార్డు రూములో మేకుకి వేలాడదీస్తాను. గంట దాటి వెతికిన దానికి ఒంటి ముడి. దొరక్క మనిషిని తిప్పి పంపిన దానికి జంట ముడి. వారం మారితే నీలం పోగు. నీ ఆరో గడి, ఏడో గడి అందులోనే ఉన్నాయి. నువ్వు అడగకముందే ఉన్నాయి.

ఆ రోజు ఉత్తరం కొట్టిస్తుంటే హెడ్ క్లర్కు గారు నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డారు. "అన్నీ దొరుకుతున్నాయని రాయించు, పై వాళ్ల ముందు మన కోర్టు తలెత్తుకుని ఉండాలి" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదమ్మడూ. ఇరవై తొమ్మిదేళ్లలో పదకొండు మంది జడ్జీలు మారారు. నాకు చదవడం రాదన్న మాట ఒక్కరి చెవినా పడనివ్వలేదు ఆయన. అలాంటి మనిషి పక్కన నిలబడి ఉంటే కాదు అనడానికి నా నోరు రాలేదు. సరే, కాగితం మీద ఆయన మాట పోనీ, తాడు మీద నా మాట పోతుంది, మా అమ్మడు ముందు తాడే చూస్తుంది అనుకున్నాను. జతలో రాయమని టైపిస్టుకి చెప్పింది కూడా నేనే.

ఇంకో మాట కూడా అనేస్తాను. పదో తరగతి అని విన్నాక మీ అత్త రెండు రోజులు సరిగా తినలేదు. "దానికి కుర్చీ రావాలంటే మీ స్టూలు లాగాలి కాబోలు" అంది. నోరు ముయ్యి అన్నాను. కానీ నాకూ అదే అనిపించింది. అనిపించినా తాడు పంపాను. అడిగింది నువ్వు కదా.

నమ్మకం లేదా అని రాశావు. విను. దర్జీ పని చేసే ఆవిడ ఒకతె ఉంది. మిషను పెట్టుకున్న గది తనదని బావగారి మీద వ్యాజ్యం. మే నెలలో నాలుగు సార్లు వచ్చింది, నాలుగు సార్లూ ఆవిడ కట్ట దొరకలేదు. తాడు మీద నాలుగు జంట ముళ్లు ఆవిడవే. నాలుగోసారి నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. "అన్నా, నీ చొక్కా మోచెయ్యి చిరిగింది, ఇలా ఇవ్వు, వాయిదా రాసేలోపు కుట్టి ఇస్తాను" అంది. సూది జాకెట్టుకే గుచ్చి ఉంది. నిలబడే కుట్టింది. నువ్వు చొక్కాగుడ్డ పంపకు. ఇంకా అది ఊడలేదు.

అయిదోసారి దొరికింది. ఎరుపు తాళ్ల అరలో ఉండాల్సింది గోధుమరంగు తాళ్ల అరలో ఉంది. అక్కడ పెట్టింది ఎవరో కాదు, నేనే. రెండు తాళ్లూ వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో పట్టుకుని చూశాను. నాకు రెండూ ఒకేలా ఉన్నాయమ్మడూ. ఎంతకాలంగా అలా ఉన్నాయో, ఇంకా ఎన్ని కట్టలు అలా మారాయో నాకు తెలియదు. ఈ సంగతి మీ అత్తకి కూడా చెప్పలేదు. టైపిస్టుకి ఇప్పుడే తెలిసింది, మిషను ఆపి నా మొహం చూస్తున్నాడు. కొట్టు బాబూ.

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు, చెప్పాను. జాబితా వెళ్లిపోయింది కదా. ఆ తాడు ఇక నీ కిటికీకే ఉండనీ. రెక్క కొట్టుకుంటే నీకు నిద్ర పట్టదు.

మామయ్య
వేలిముద్ర


జూలై 10

మామయ్యా,

నీ ఉత్తరం చదివిన వెంటనే గదికి పరుగెత్తి తాడు విప్పాను. రెక్క ఇప్పుడు కొట్టుకుంటోంది. కొట్టుకోనీ.

క్షమించమని అడగడం తేలిక, అందుకే ముందు అది కాకుండా చేసిన పని చెబుతాను. తాడు బల్ల మీద పరిచి, నువ్వు నేర్పినట్టే, కళ్లు మూసుకుని వేళ్లతో లెక్కపెట్టాను. మొదట కళ్లు తెరిచే లెక్కపెట్టాను కానీ మూడు సార్లు మూడు లెక్కలు వచ్చాయి. మూసుకున్నాక సరిగా వచ్చింది. నాలుగు నీలం పోగులు. ఒంటి ముళ్లు ముప్ఫై ఒకటి. జంట ముళ్లు ఎనిమిది.

మీ కోర్టుకి పోస్టు రావాలంటే కనీసం ఎనిమిది కావాలి, సరిగ్గా అన్నే ఉన్నాయి. గట్టిగా అరిచినంత పని చేశాను. తరవాత చెయ్యి ఆగిపోయింది.

చివరి వారంలో, కొసకి దగ్గరగా ఉన్న జంట ముడి నీదో నాదో నాకు తెలియడం లేదు. కిటికీకి కట్టినప్పుడు ఊచ దగ్గర నేను ఒక ముడి వేశాను, అది విప్పడం గుర్తుంది. రెక్క దగ్గర కొత్తగా ముడి వేశానో, అప్పటికే ఉన్న నీ ముడికే తగిలించానో ఎంత తలబాదుకున్నా గుర్తు రావడం లేదు. ఇన్ని అక్షరాలు చదివిన నేను, నువ్వు రాసిన దాని మీద నా పిచ్చిరాత కలిపి తెచ్చుకున్నాను.

ఈ సంగతి మేడంతో చెప్పాను. తాడు చూపించి అడిగాను, "ఇలాంటిది కమిటీ తీసుకుంటుందా మేడం?"

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "మన రికార్డు రూములో సాక్ష్యాల కింద నంబరు కట్టి ఏమేం పెట్టామో తెలుసా? ఒక కుడికాలి చెప్పు. విరిగిన లాంతరు. పాలల్లో నీళ్లు కలిపారని పాతికేళ్ల కిందటి పాల క్యాను. వాటికి విలువ ఉన్నప్పుడు తాడుకేం తక్కువ? పట్టికలో తప్పులు దిద్దడానికి జూలై ఇరవై రెండు దాకా గడువు ఉంది. ఆ మనిషి సొంత మాటల్లో వాంగ్మూలం రాయించి, వేలిముద్రతో, తాడుతో కలిపి పెట్టు. అడిగితే నేను చూసుకుంటాను" అంది.

"ఎనిమిదో ముడి సంగతి మేడం?"

"ఏడో ఎనిమిదో నువ్వు తేల్చేస్తావా ఏం? కట్టిన మనిషిని అడుగు" అంది.

అందుకే తాడు ఈ కవరులోనే, రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. పంపేముందు ముళ్లు ఎన్ని ఉన్నాయో మేడం ముందు కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం.

ఇప్పుడు స్టూలు సంగతి. నేను రాసిన పద్ధతే తప్పు. పదో తరగతి అనేది కొత్తగా వచ్చేవాళ్లకి, ఉన్నవాళ్లను తీసెయ్యడానికి కాదు. బిల్లు మొత్తం మళ్లీ చదివాను. పదకొండో నిబంధన నీకు అచ్చంగా రాస్తున్నాను: "కొత్తగా నియమితులైన రికార్డు గుమాస్తా మొదటి మూడు నెలలు, ఆ రికార్డు గదిని ఎరిగిన పాత ఉద్యోగి వద్ద పని నేర్చుకోవలెను." ఎరిగిన ఉద్యోగి అంటే నువ్వే మామయ్యా. చదువు గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. ఈ బిల్లు నీకు గుమాస్తా పోస్టు ఇవ్వదు, ఇస్తుందని చెప్పి నిన్ను మభ్యపెట్టను. నీ దగ్గర నేర్చుకోవడానికి ఒక మనిషిని ఇస్తుంది. నీకు ఎరుపు కనపడని చోట ఆ మనిషికి కనపడుతుంది, ఆ మనిషికి తెలియనిది నీ వేళ్లకి తెలుసు. పోస్టు వస్తే సెప్టెంబరుకల్లా చేరతారు. డిసెంబరు లోపు మూడు నెలలు సరిపోతాయి. రాకపోతే జనవరిలో ఆ దర్జీ ఆవిడ కట్ట ఏ అరలో ఉందో చెప్పేవాళ్లు ఉండరు. నా కుర్చీకీ దీనికీ సంబంధం లేదు. ఉండి ఉంటే ఆ కుర్చీ నాకొద్దు.

హెడ్ క్లర్కు గారికి నేను విడిగా రాస్తున్నాను. ఆయన్ని తప్పు పట్టడం లేదు. నిన్ను ఇన్నేళ్లు కాపాడినందుకు కృతజ్ఞతే చెబుతున్నాను. కానీ ఆయన దాచింది నువ్వు సిగ్గుపడాల్సిన విషయం కాదని కూడా రాశాను. పదకొండు మంది జడ్జీల కాగితాలు చదవకుండా చేతికందించిన మనిషి ఎందుకు సిగ్గుపడాలి? కోర్టు పరువు పోయేది కట్ట దొరకలేదని చెప్పినందుకు కాదు, దొరక్కుండానే ఉండిపోయినందుకు.

కళ్ల సంగతి అత్తయ్యకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను, నా నోట వింటే ఆవిడ ఎలా ఉంటుందో నీకు తెలుసు. చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు.

టైపిస్టు గారూ, వాంగ్మూలం మీరే కొట్టండి. "అర్జీదారుడు" అన్న మాట రాకూడదు. "నేను" అని మొదలుపెట్టండి. మామయ్య ఆగిన చోట ఆగండి.

మామయ్యా, నువ్వు చెయ్యాల్సింది ఇది. తాడు వేళ్ల మధ్య పెట్టుకుని కొస దాకా వెళ్లు. చివరి జంట ముడి దగ్గర ఆగు. అది నీదైతే ఉంచు. నాదైతే విప్పెయ్యి, విప్పానని వాంగ్మూలంలో చెప్పు. ఎనిమిది వస్తే ఎనిమిది రాస్తాను, ఏడు వస్తే ఏడే రాస్తాను. ఏడైతే పోస్టు రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏడు రాసినా సున్నా అబద్ధమని ఒక కాగితం మీదైనా ఉంటుంది. నీ ముడిని నేను ఊహించి రాయను, నువ్వూ నా కోసం ఊహించకు.

పెట్టె మూత మీద రాస్తున్నాను, బల్లకి నూనె మరకలున్నాయి. కింద ఇస్త్రీ పెట్టె చప్పుడు, పైన రెక్క చప్పుడు. ఈసారి కవరు వస్తే ముందు తాడే చూస్తాను.

జూలై ఇరవై కల్లా నా చేతికి అందేలా జవాబు పంపు.

నీ అమ్మడు